బీరువాలో కోడలు, కుక్కర్లో అత్తగారు

ఆదివారం ఉదయం కొత్తకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారూ మామగారూ ఊరి చివరి స్నేహితుల ఇంటికి బయలుదేరగానే వాళ్ళ గదిలోని చెక్క బీరువాలోకి దూరాలి. తలుపు మూయించుకోవాలి. కటిక చీకట్లో కెమెరా వెనకమూత తెరిచి, ఇరుక్కుపోయిన రీలును వేళ్ళతో తిప్పి దాని డబ్బాలోకి ఎక్కించాలి. బయటికి వచ్చి కాఫీ తాగాలి. అంతే. కాఫీకి పాలు కూడా ముందే కాచి పెట్టుకుంది.

ఆ కెమెరా పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ చేతులు పట్టుకుని పాతసామాన్ల బజారులో తిరుగుతుంటే దొరికింది. చచ్చిపోయిన రిమోట్ల మధ్య, ఏడు అంకె లేని కాలిక్యులేటరు పక్కన, గుప్పిట్లో పట్టేంత నల్లగా, ముద్దుగా కూర్చుని ఉంది. బ్యాటరీ మూత నిలవదు. ఆమె జడకు పెట్టుకునే రబ్బరుబ్యాండు తీసి దానికి బిగించింది. ఎన్ని ఫొటోలు తీశామో చూపించే అంకె ఎప్పుడు చూసినా ఒక్కటే. ఫ్లాష్ వెలగాలంటే చెంప మీద కొట్టినట్టు పక్కనుంచి ఒకటి తగిలించాలి. కన్ను పెట్టి చూస్తే కనిపించేది ఒకటి, ఫొటోలో పడేది దాని పక్కది. నొక్కిన ప్రతిసారీ లోపల మోటారు జలుబు చేసిన దోమలా మూలుగుతూ రీలును ముందుకు జరుపుతుంది. ఆ మూలుగంటే ఆమెకు ప్రాణం.

"ఇది పనిచేస్తుందంటావా?" అన్నాడు భర్త ఆ రోజు.

"పనిచెయ్యకపోతే ఇంత చప్పుడెందుకు చేస్తుందండీ?"

పెళ్ళయిన కొత్త కనుక ఆ మాట అతనికి ఎంతో సబబుగా తోచింది.

ఆ ఇంట్లో ఫొటోలకు కొదవలేదు. కొదవల్లా వాటిలో అత్తగారి నవ్వుకే. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఏటేటా బడిలో తీసిన గ్రూపు ఫొటోలన్నిటిలోనూ పెదాలు బిగించి, ఎవడో కాపీ కొడుతుంటే పట్టుకున్నట్టు కూర్చుని ఉంటారు. చివరికి పెళ్ళి ఫొటోలోనూ అంతే. పక్కన పెళ్ళికొడుకు దొరికిపోయిన కుర్రాడిలా ఉంటాడు. ఆ పెళ్ళికొడుకు, అంటే మామగారు, రైళ్ళలో గార్డుగా చేసి ఇంటికి చేరారు. ఆయన ఆవిణ్ణి "టీచరమ్మా" అంటారు, ఆవిడ ఆయన్ని "గార్డుగారూ" అంటారు. కోడలు మొదటిసారి కెమెరా ఎత్తినప్పుడే అత్తగారు తేల్చేశారు.

"అమ్మాయ్, గోడలు తియ్యి, గిన్నెలు తియ్యి, నీ మొగుణ్ణి తియ్యి. నన్ను మాత్రం తియ్యకు. అసలా డొక్కును పాతసామానువాడికి వేసెయ్యరాదూ."

కోడలు బుద్ధిగా తలూపింది. మాట నిలబెట్టుకుంది కూడా, కిందటి వారం దాకా. ఆ రోజు మామగారు మీసానికి రంగు వేసుకుంటుంటే మధ్యలో ఫోను వచ్చింది. మాట్లాడి మాట్లాడి, వేసుకుంటున్న సంగతే మరిచిపోయి, ఒకవైపు బొగ్గు, ఒకవైపు బూడిదగా బాల్కనీలోకి వచ్చి నిలబడ్డారు. అత్తగారు చూశారు. చూసి, నోరు పూర్తిగా తెరిచి, తల వెనక్కి వాల్చి, నవ్వారు. పిట్టగోడ మీది కెమెరా కోడలి చేతిలోకి ఎప్పుడు వచ్చిందో, వేలు ఎప్పుడు నొక్కిందో ఆమెకే తెలియదు. దోమ ఒక్కసారి మూలిగి ప్రాణం విడిచింది. ఆ ఇంట్లో అలాంటి నవ్వును మోసే అలవాటు లేక కాబోలు.

రేపు అత్తామామల పెళ్ళిరోజు. ఆ నవ్వుకోసం కొన్న ఫ్రేము రంగుకాగితంలో చుట్టి మంచం కింద సిద్ధంగా ఉంది, ఖాళీగా. వీధి చివర స్టూడియో ఆయన ఒక్కడే ఆ చుట్టుపక్కల ఇంకా రీళ్ళు కడుగుతున్నాడు. కెమెరా చూసి ఆయన ఒకే మాట చెప్పాడు: "మోటారు పోయింది. చుట్టుకోని రీలంతా బయటే ఉంది. చీకట్లో తెరిచి చేత్తో చుట్టండి. అగ్గిపుల్ల వెలుగు పడినా మీ బొమ్మలన్నీ బూడిదే." ఇంట్లో అంత చీకటి బీరువాలో తప్ప ఎక్కడా లేదు. దానికీ ఒక జబ్బుంది: తాళం వెయ్యకపోతే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

ఇక్కడే భర్తగారి ఉద్యోగం అడ్డొచ్చింది. అతను ఒక పెద్ద ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. యంత్రం కడుపులోకి మనిషి దిగినప్పుడు బయట ఎవడూ తెలియక స్విచ్చి వెయ్యకుండా, ఆ స్విచ్చికి తాళం వేసి, ఎర్రట్యాగు కట్టి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలన్నది వాళ్ళ రూలు. ఆ రూలును అతను కలలో కూడా తప్పడు. పెళ్ళానికీ యంత్రానికీ, బీరువాకూ స్విచ్చికీ గల తేడా అతనికి ఆ ఉదయం తట్టలేదు. ఆమె బొంత కప్పుకుని లోపల కూర్చోగానే తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి కన్నానికి నల్లటేపు అంటించి, పిడికి ఎర్రట్యాగు కట్టాడు. ఆమె సెల్‌ఫోను కూడా వెలుగుతుందని ముందే తీసేసుకున్నాడు.

"లోపల ఎలా ఉంది?"

"చీకటిగా ఉంది."

"మంచిది. ఊపిరాడుతోందా?"

"మీ అమ్మగారి శాలువాల వాసనాడుతోంది. మాట్లాడించకండి, మూత తీస్తున్నాను."

అంతలో అతని ఫోను మోగింది. స్టూడియో ఆయన ఇవాళ పెందరాళే కట్టేసి ఎక్కడికో వెళుతున్నాడట. "నువ్వు కానియ్. నేనొక్క పరుగు తీసి ఆయన్ని ఆపి వస్తా. తాళంచెవి నా జేబులో భద్రంగా ఉంది," అన్నాడు భర్త.

"అది మీ జేబులో ఉంటే నేనెలా…" అంటుండగానే వీధితలుపు చప్పుడు వినిపించింది.

సరే, అయిదు నిమిషాల పనేగదా అనుకుని ఆమె తడుముకుంటూ రీలుడబ్బాను పైకి లాగింది. మెల్లగా తిప్పితే రీలు పాములా లోపలికి దూరడం మొదలుపెట్టింది. ఎంత హాయిగా ఉందో. చీకట్లో తనే ఒక స్టూడియో నడుపుతున్నట్టు అనిపించి, ఆ ఉత్సాహంలో ఇంకాస్త గట్టిగా తిప్పింది. టక్కుమని డబ్బా మూత ఊడి ఎక్కడో చెప్పుల పెట్టెలో పడింది. చుట్టుకున్న రీలంతా బుస్సున విప్పుకుని ఒళ్ళో కుప్పపడింది. ఇక చీకటి తప్ప దానికి వేరే మూత లేదు. వెలుగు చొరబడని గిన్నో డబ్బానో ఎవరైనా అందిస్తే తప్ప ఆమె కదలడానికి లేదు. సరిగ్గా అప్పుడు వీధితలుపు మళ్ళీ తెరుచుకుంది. వచ్చింది భర్త కాదు.

"వెళ్ళేముందు ఫోను చెయ్యమన్నానా లేదా?" అత్తగారి గొంతు.

"అన్నావు."

"చేశారా?"

"చేద్దామనుకుంటూ ఉండగా వాళ్ళిల్లు వచ్చేసింది. తాళం వేసుంది. నేనేం చేసేది?" మామగారి గొంతు.

అడుగులు గదిలోకి వచ్చాయి. బట్టలు మార్చుకోవడానికి కాబోలు, తిన్నగా బీరువా దగ్గరికే వచ్చి ఆగాయి. తరువాత అత్తగారు, బడిలో ప్రశ్నపత్రం చదివే పద్ధతిలో, ఒక్కో మాటా విడదీసి చదవడం వినిపించింది.

"ప్రమాదం. లోపల మనిషి ఉన్నారు. తాకరాదు." ఆ వెంటనే గొంతు హెచ్చింది. "గార్డుగారూ, ఇలా రండి."

బీరువా తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టారు. "ఎవరండీ లోపల?"

"నేనే అత్తయ్యా."

"నువ్వెందుకున్నావు అందులో?"

"ఏం లేదత్తయ్యా. కాసేపుండి వస్తాను."

ఏ ఇంట్లోనైనా కోడలు "ఏం లేదు" అందంటే ఏదో ఉందని లెక్క. బీరువాలోంచి అందంటే చాలా ఉందని లెక్క. నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే రేపటి కానుక ఇవాళే బయటపడుతుంది. అంతకన్నా, తియ్యొద్దన్న ఫొటో తీసినట్టు ఒప్పుకోవాలి. మాట మీద నిలబడని పిల్ల అని అత్తగారు ఒక్కసారి మనసులో రాసుకున్నారంటే తుడవడం ఎవరి తరమూ కాదు. అందుకని, "తలుపు మాత్రం తెరవకండి. వెలుతురు పడకూడదు," అని ఊరుకుంది.

బయట గుసగుసలు మొదలయ్యాయి.

"వెలుతురు వద్దంటోంది, విన్నారా."

"అలిగిందేమో."

"అలిగితే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు. బీరువాలోకి వెళతారా ఎవరన్నా?"

"కొత్తతరం టీచరమ్మా. మనకేం తెలుసు."

"అయితే ఎవరి మీద?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ ప్రశ్నకు బయట ఇద్దరూ ఒకేసారి గొంతు సవరించుకున్నారు. ముందు అత్తగారే దగ్గరికి వచ్చారు. ఆ గొంతు అంత మెత్తగా పలకగలదని కోడలికి ఇదివరకు తెలియదు.

"అమ్మాయ్. నీకు తెలిసిపోయిందా?"

ఏం తెలిసిందో తెలియక కోడలు మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. బీరువాలో మౌనం పూర్తి అంగీకారం.

"తెలిసిపోయింది. చూడమ్మా, నువ్వు మడతపెట్టిన బట్టలు నువ్వు ఆఫీసుకి వెళ్ళాక విప్పి మళ్ళీ మడతపెడుతున్న మాట నిజమే. నిన్ను తక్కువ చెయ్యాలని కాదు. అంచులు కలవకపోతే నాకు ముద్ద దిగదు. అదొక జబ్బనుకో."

కోడలు చీకట్లో నోరు తెరిచింది. రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి అలమరలో వరసగా ఉన్న బట్టల్ని చూసి, తన చేతిలో ఎంత పనితనం ఉందో అని ఆమె మురిసిపోతూ వచ్చింది. అమ్మకు ఫోనులో చెప్పింది కూడా.

"దానికి కాదులే," అన్నారు మామగారు బరువుగా. "ఇది నా గొడవ. అమ్మా, మీ పుట్టింటివాళ్ళు ఇచ్చిన పింగాణీ దీపం పిల్లి పగలగొట్టిందన్నాను చూడు. పిల్లి కాదు."

"మనింటికి అసలు పిల్లి ఎక్కడిదండీ?" అన్నారు అత్తగారు.

"లేదు. ఎవరూ అడగలేదు. అదే నా బాధ. ఒక్కరైనా అడిగితే అప్పుడే ఒప్పుకునేవాణ్ణి."

ఈ మాటలకు పక్కింటి పిన్నిగారు తెరిచి ఉన్న వీధితలుపులోంచి మెల్లగా లోపలికి వచ్చారు. ఎదుటివాళ్ళ కష్టంలో పాలుపంచుకోవడంలో ఆవిడ తరవాతే ఎవరైనా. "ఏమిటి వదినగారూ, బీరువాతో మాట్లాడుతున్నారు?" అన్నారు. సంగతి విన్నారు. ట్యాగు చదివారు. అయ్యో పాపం అన్నారు. ఒకసారి బాల్కనీలోకి వెళ్ళి వచ్చారు.

"పిల్ల తల్లికి చెప్పడం ధర్మం కదా అని ఫోను చేశానండీ. ఎక్కువేం చెప్పలేదు. మీ అమ్మాయిని బీరువాలో పెట్టి తాళం వేశారు, కంగారుపడకుండా రండి అన్నాను."

"ఎవరు పెట్టారు? దానంతట అదే దూరింది," అన్నారు అత్తగారు.

"దూరినామె బయట తాళం ఎలా వేసుకుంటుంది వదినగారూ?"

లెక్కల టీచరుగారికి ఈ లెక్క ఇంతవరకూ తట్టలేదు. ఇప్పుడు తట్టింది. తరవాత అత్తగారి గొంతు మళ్ళీ పాత అంచు తెచ్చుకుంది. "గార్డుగారూ, స్క్రూడ్రైవరు తీసుకురండి. తలుపు బందులు ఊడదీద్దాం."

కోడలి గుండె జారి ఒళ్ళోని రీలు మీద పడింది. "వద్దు మామయ్యా," అని అరిచింది.

"నీకేం భయం లేదమ్మా. మేమున్నాం," అన్నారు మామగారు. కిర్రుకిర్రుమని మొదటి స్క్రూ కదిలింది. ఆమె రీలు కుప్పను కడుపులోకి హత్తుకుని, దాని మీద శాలువాలు, ఆ పైన బొంత, ఆ పైన తనూ వంగి కోడిపెట్టలా కూర్చుంది. చెమట ముక్కుచివరికి చేరి ఎటు కారాలో ఆలోచిస్తోంది.

రెండో స్క్రూ రాలేసరికి భర్త రొప్పుతూ వచ్చాడు. ముఖం కనబడకపోయినా గొంతులో విజయగర్వం కనబడుతోంది. స్టూడియో ఆయన ఆగుతానన్నాడన్నమాట.

"ఒరేయ్," అన్నారు అత్తగారు, "అమ్మాయిని ఎవరో బీరువాలో పెట్టి…"

"తెలుసమ్మా. నేనే పెట్టి తాళం వేశాను."

పని పద్ధతిగా చేసినవాడి నెమ్మది ఆ గొంతులో ఉంది. అదే సమయానికి గది గుమ్మంలో మరో గొంతు పలికింది. అది కోడలి కన్నతల్లిది. ఆవిడ ఉండేది రెండు వీధుల అవతలే.

"ఏమన్నారు అల్లుడుగారూ?"

"అది, అత్తయ్యగారూ, మీరు అనుకుంటున్నట్టు కాదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను. గాలి ఆడుతోందా లేదా అడిగాను. ట్యాగు కూడా కట్టాను."

"ట్యాగు కట్టాడట వదినా," అన్నారావిడ అత్తగారితో. "నా పిల్లని పార్శిలు చేసినట్టు. ఎందుకు పెట్టారు లోపల?"

"అది చెప్పకూడదండి."

"ఎవరు చెప్పొద్దన్నారు?"

"మీ అమ్మాయే."

"చెప్పొద్దు," అంది బీరువా.

"చూశారా," అన్నారు పిన్నిగారు, "పిల్లని ఎంత బెదరగొట్టాడో. పైకి ఎంత మెత్తగా ఉంటాడు. మెట్ల మీద కనబడితే నా సంచీ పట్టుకునేవాడు."

"తాళంచెవి ఇలా ఇవ్వండి," అంది కన్నతల్లి.

"ఇవ్వలేనండి. లోపల పని పూర్తికాకుండా తాళంచెవి చేతులు మారకూడదు. రూలు."

"నీ రూలు తగలెయ్య. ఏం పనిరా లోపల?" అన్నారు మామగారు. మూడో స్క్రూ కింద పడింది.

"చిట్టీ," అంది తల్లి, తలుపు తడుతూ. "భయపడకు. ఈ పూటే మనింటికి తీసుకుపోతాను. మీ నాన్నని బండి తెమ్మన్నాను. ఈ ఇంట్లో నువ్వు ఇంకొక్క క్షణం ఉండక్కర్లేదు."

పొద్దున కోడలు వేసుకున్న పథకంలో ఈ మలుపు లేదు. బయట తన భర్త, ఈ లోకంలోకెల్లా జాగ్రత్తపరుడు, చీమను కూడా దారి అడిగి దాటే మనిషి, పెళ్ళాన్ని బీరువాలో కుక్కిన రాక్షసుడిగా నిలబడి ఉన్నాడు. అయినా మాట తప్పడం లేదు, తాళంచెవి వదలడం లేదు. ఒళ్ళో ఒకే ఒక్క నవ్వుంది. "తలుపు తీసెయ్యండి" అంటే మొగుడు బయటపడతాడు, నవ్వు బూడిదవుతుంది. ఊరుకుంటే నవ్వు మిగులుతుంది, మొగుడు మిగలడు. మూడో దారి ఒక్కటే: తను తిట్లు తినడం.

"అత్తయ్యా," అంది. "ఆయన తప్పేం లేదు. నేనే లోపల పెట్టమన్నాను. నా ఒళ్ళో మీ ఫొటో ఉంది. మీరు వద్దన్నా తీశాను. ఆ రోజు మామయ్య మీసం చూసి మీరు నవ్వారే, అది. రేపటికి ఇద్దామనుకున్నాను. రీలు ఊడిపోయింది. వెలుతురు పడితే ఆ నవ్వు పోతుంది. తిట్టండి, పడతాను. తలుపు మాత్రం తియ్యకండి."

బయట స్క్రూడ్రైవరు ఆగింది.

"నవ్వానా?" అన్నారు అత్తగారు. "నోరు తెరిచే?"

"తెరిచే అత్తయ్యా. పూర్తిగా."

"గార్డుగారూ," అన్నారావిడ. "ఆ స్క్రూలు మళ్ళీ బిగించండి."

ఆ తరవాత ఆ గది పరీక్షహాలైపోయింది. అత్తగారి హుకుములు ఒక్కొక్కటే వినిపించాయి. కిటికీలకు దుప్పట్లు కట్టమని కొడుక్కి. తలుపు కింద సందులో గోనెసంచి కుక్కమని పిన్నిగారికి. "ఫోనులన్నీ హాల్లో పెట్టి రండి. మీది కూడా వదినగారూ. మూత బిగిసే పాత్ర ఏదైనా ఉందా ఇంట్లో?" కన్నతల్లి, కన్నీళ్ళు తుడుచుకునేందుకు కూడా తీరిక లేకుండా, వంటింట్లోంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చి తుడిచి ఇచ్చింది. ఇల్లంతా కారుచీకటయ్యాక తాళం తిరిగింది. బొంత అంచు లేచింది. కుక్కర్‌తో పాటు అత్తగారు కూడా బీరువాలోకి వచ్చి కూర్చున్నారు.

"జరుగు. నా ముఖం ఇందులో ఎక్కడుంది?"

"ఈ చివర్న అత్తయ్యా. చేత్తో పట్టుకోకండి, అంచులు మాత్రమే."

"అంచుల సంగతి నాకు చెబుతున్నావా." ఆవిడ వేళ్ళు చీకట్లో రీలును ఎంత చక్కగా చుట్టాయో కోడలికి స్పర్శలోనే తెలిసింది. ఈ చేతులు తన బట్టల్ని మళ్ళీ మడతపెట్టాయంటే అందులో న్యాయం ఉందనిపించింది. కాసేపటికి అత్తగారు చెవి దగ్గరగా అన్నారు:

"నాకు పన్ను మీద పన్ను ఉంది. చిన్నప్పుడు ఫొటో తీసేవాడు నోరు మూసుకో పాపా అన్నాడు. అప్పట్నుంచి మూసుకున్నాను. ఈ డొక్కులో ఆ పన్ను పడదుగా?"

"అబ్బే. అందులో మనుషులే సరిగ్గా పడరు అత్తయ్యా."

"అయితే సరే," అని ఆవిడ కుక్కర్ మూత తిప్పి బిగించారు.

వెయిటు పెట్టి, చుట్టూ నల్లగుడ్డ కట్టాక దీపాలు వెలిగాయి. కోడలు తడిసిన కాకిపిల్లలా బయటికి వచ్చింది. వాళ్ళమ్మ ముందు కూతుర్ని కావలించుకుంది, తరవాత అల్లుడి వైపు చూసి ఏం చెయ్యాలో తోచక అతని చొక్కా గుండీ సవరించింది. మొగుడు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా బీరువా పిడినుంచి ఎర్రట్యాగు విప్పి, శ్రద్ధగా కుక్కర్ పిడికి కట్టాడు. రూలు రూలే. లోపల మనిషి ఉన్నంతకాలం ట్యాగు ఉండాలి.

వీధంతా చూస్తుండగా ఊరేగింపు సాగింది. ముందు దారి తొలగిస్తూ మామగారు, వెనక కుక్కర్ పట్టుకుని భర్త, మూత మీద చెయ్యి వేసి కోడలు. బండి తెచ్చిన కోడలి తండ్రి, ఎవరిని ఎక్కడికి తీసుకుపోవాలో ఎవరూ చెప్పకపోవడంతో, వాళ్ళ వెనకే మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. స్టూడియో ఆయన బల్ల మీద పెట్టిన కుక్కర్‌ను చూసి, ట్యాగు చదివి, ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇందులో ఎవరున్నారండీ?"

"మా ఆవిడ," అన్నారు మామగారు.

ఆయన ఇంకేమీ అడక్కుండా కుక్కర్‌ను పసిబిడ్డలా ఎత్తుకుని చీకటిగదిలోకి వెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం బొమ్మలు వచ్చాయి. రీలులో చాలావరకు పొగమంచు. నాలుగింటిలో కెమెరా అలవాటు ప్రకారం పక్కదేదో పడింది: సగం కుర్చీ, ఒక మోచెయ్యి, ఎవరిదో తెలియని చెప్పు. చివరిది మాత్రం అద్దంలా స్పష్టంగా ఉంది. అందులో అత్తగారి ముక్కు దగ్గర్నుంచి పైన ఏమీ లేదు, అంచుకు అవతలే ఉండిపోయింది. పక్కన మామగారి మీసంలో నల్లటి సగం. మధ్యలో, చట్రం నిండా, గడ్డం దాకా, నవ్వు. ఆ నవ్వు నడుమ, ఆ కెమెరా తన జన్మలో ఏ మనిషి మీదా చూపించని శ్రద్ధతో గురి కుదిరి, పన్ను మీద పన్ను.

కోడలు ఫ్రేమును అత్తగారి చేతికి ఇచ్చింది. కన్నతల్లి పిన్నిగారి వైపు చూసింది. పిన్నిగారు పైకప్పు వైపు చూశారు. అత్తగారు దాన్ని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"ఇందులో మనుషులే పడరన్నావు," అన్నారు.

"మనిషి పడలేదు కదత్తయ్యా," అంది కోడలు పీలగా.

అత్తగారు మొగుడి వైపు తిరిగారు. "ఇన్నేళ్ళూ ఇది మీకు కనిపిస్తూనే ఉందా?"

"అది చూసేగా టీచరమ్మా, నిన్ను చేసుకుంటానన్నది," అన్నారు మామగారు. "తరవాత మళ్ళీ కనిపించలేదు. పోనీలే, మీసానికి రంగు వేసుకుంటే ఎప్పటికైనా కనిపించకపోతుందా అని చూస్తున్నాను."

అత్తగారు పెదాలు బిగించబోయారు. కుదరలేదు. కోడలు గబగబా కెమెరా అందుకుని చెంప మీద ఒకటి కొట్టింది గానీ, దోమ చచ్చి అప్పటికే వారం దాటింది. ఎవరికీ ఫొటో దక్కలేదు, అందరికీ నవ్వు దక్కింది. హాల్లో గోడ మీది పెళ్ళి ఫొటో పక్కన, అంచులు సరిగ్గా కలిసేలా, అత్తగారే స్వయంగా మేకు కొట్టించి ఆ ఫ్రేము తగిలించారు. డొక్కు కెమెరాను పాతసామానువాడికి వేసెయ్యమన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు. కోడలు మడతపెట్టిన బట్టలు మాత్రం ఇప్పటికీ మళ్ళీ మడతపడుతూనే ఉన్నాయి, ఇప్పుడు ఆమె కళ్ళ ముందే.

మామగారు ఆ బీరువాకు లోపలివైపు కూడా ఒక గడియ పెట్టించారు. తాను ఒప్పుకోవలసినవి ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయట.